కర్ణభేరికి చిల్లు పడితే

చెవి కారే పిల్లవాణ్ణి చూసి, "పెద్దయితే అదే తగ్గిపోతుందిలే" అనడం మీరు వినే ఉంటారు. నిజమే, చిన్న చిల్లు కొన్నిసార్లు తనంతట తానే పూడుకుంటుంది. కాని నెలల తరబడి చీము కారే చెవిలో అలా జరగడం అరుదు. భిలాయి పక్కనున్న ఉతై వంటి ఊళ్ళలో పిల్లలు చెరువులో మునిగినప్పుడల్లా ఆ చిల్లుగుండా నీరు మధ్యచెవిలోకి పోతుంది. చీము మళ్ళీ మొదలు. బడిలో మాత్రం వాడికి "పరధ్యానం" అని పేరు!

కర్ణభేరి చేసే పని లెక్కగట్టి చూడండి. దాని మందం మిల్లీమీటరులో పదోవంతు. కంపించే వైశాల్యం సుమారు 55 చదరపు మిల్లీమీటర్లు. లోపలిచెవిని తాకే కర్ణాంతరాస్థి పాదం 3.2 మాత్రమే. అంటే పీడనం 17 రెట్లు పెరుగుతుంది. చిన్న ఎముకల తులాదండం దాన్ని మరో 1.3 రెట్లు చేస్తుంది. మొత్తం 22. గాలిలోని శబ్దం లోపలి ద్రవంలోకి దిగాలంటే ఈ బలం కావాలి. చిల్లు పడితే తగ్గేది ఇదే.

భిలాయి వంటి ఉక్కు పట్టణంలో మరో చెవుడు కూడా ఉంది. ఏళ్ళ తరబడి యంత్రాల రొద లోపలిచెవి కణాలను చంపుతుంది. పొర అతికించినా ఆ వినికిడి రాదు. రెండింటినీ శ్రుతిదండంతో పోల్చవచ్చు. చెవి ముందుకన్నా చెవి వెనుక ఎముకమీద పెట్టినప్పుడు ఎక్కువ వినిపిస్తే, లోపం సాధారణంగా బయటి చెవిలోనో మధ్యచెవిలోనో ఉంటుంది.

1878లో జర్మనీలో బెర్తోల్డ్ చర్మం ముక్కతో చిల్లు మూశాడు. 1950లలో వుల్‌స్టైన్, జోల్నర్ సూక్ష్మదర్శిని సాయంతో ఈ శస్త్రచికిత్సకు ఒక పద్ధతి ఏర్పరచారు. ఇప్పుడు ఎక్కువగా వాడేది కణత కండరంమీది పలుచని పొర. ముందు చెవిని ఆరబెడతారు. చిల్లు అంచున చర్మం కమ్ముకొని ఉంటుంది కనుక దాన్ని తీసి పచ్చిగా చేస్తారు. లేకపోతే అతుకు పట్టదు. కొత్త పొరను లోపలివైపు పరిచి, కరిగిపోయే స్పాంజితో ఆనిస్తారు. ఆ పొరకు పోషణ అవసరం తక్కువ. అంచులనుంచి రక్తనాళాలు వచ్చేదాకా ఓర్చుకుంటుంది. తర్వాత కొన్ని వారాలు చెవిలో నీరు పడకూడదు, ముక్కు గట్టిగా చీదకూడదు.

చీము కొద్దిగానే ఉండి దుర్వాసన వేస్తే సంగతి వేరు. అక్కడ చర్మం లోపలికి పెరిగి ఎముకను తినేస్తూ ఉండవచ్చు. దీన్ని కొలెస్టియటోమా అంటారు. ముందు దాన్ని తొలగించాలి. పైన పొర కప్పితే రోగాన్ని లోపల దాచినట్లే. చెవి కారేవారికి ముఖం ఒకవైపు వాలినా, తీవ్రమైన తలనొప్పితో జ్వరం వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.