థాయి బాయ్ బ్యాండ్ల సంగీతం

థాయి బాయ్ బ్యాండ్లు అనగా థాయిలాండ్ దేశంలో యువకులు జట్టుగా కూడి, పాడుతూ నృత్యం చేసే పాప్ సంగీత బృందాలు. ఈ సంగీతాన్ని నేడు టీ-పాప్ అని వ్యవహరిస్తున్నారు. దీనిపై కొరియా, జపాన్, పాశ్చాత్య దేశాల ప్రభావం స్పష్టంగా కనిపిస్తుంది. అందుచేత దీనిని కొరియా పాప్‌కు నకలుగా భావించేవారు ఉన్నారు. వేషధారణ, నృత్యాల వరకు ఆ మాట కొంత నిజమే కాని, పాట బాణీని నడిపించడంలో థాయి భాషదే ముఖ్య పాత్ర.

భాష, బాణీ

థాయి భాషలో ఐదు స్వరస్థాయిలు ఉన్నాయి. అక్షరాన్ని పలికే స్థాయి మారితే అర్థమే మారిపోతుంది. ఉదాహరణకు "మా" అనే శబ్దాన్ని మధ్యస్థాయిలో పలికితే 'వచ్చు' అనీ, హెచ్చుస్థాయిలో పలికితే 'గుర్రం' అనీ, కింది నుండి పైకి లేపుతూ పలికితే 'కుక్క' అనీ అర్థం. తెలుగు పాటల రచయితకు ఈ చిక్కు లేదు. థాయి గీత రచయిత మాత్రం బాణీ పైకి లేచే చోట, సాధ్యమైనంతవరకు, అందుకు తగిన స్థాయి గల పదాన్నే వెదుక్కోవాలి. గాయకులు కూడా స్వరాన్ని కొద్దిగా కింది నుండి ఎత్తుకొనిగాని, చివర జార్చిగాని పదం స్థాయిని నిలబెడతారు. ఈ జారుడు వినేవారికి గమకాన్ని తలపిస్తుంది. అయితే ఇక్కడ దాని ప్రయోజనం అలంకారం కాదు, అర్థాన్ని కాపాడటం. వేగమైన నృత్యగీతాలలో సైతం వినిపించే మృదుత్వానికి ఇది ఒక కారణమని చెప్పవచ్చు. సంగీతానికి థాయి పదమైన "దొన్‌త్రీ" సంస్కృతంలోని "తంత్రి" నుండి వచ్చినదే.

చరిత్ర, ఆదరణ

1994లో ఆర్.ఎస్. ప్రమోషన్ సంస్థ "రాప్టర్" అనే ఇద్దరు బాలగాయకుల జంటను ప్రవేశపెట్టింది. ఇదే సంస్థ 2001లో "డి2బి"ని రూపొందించింది. డాన్, బీమ్, బిగ్ అనేవి సభ్యుల ముద్దుపేర్లు. ఒక 'డి', రెండు 'బి'లు కలిసి బృందం పేరైంది.

ఈ బృందం కీర్తి ఉచ్ఛస్థితిలో ఉండగా, 2003 జూలైలో బిగ్ నడుపుతున్న కారు బ్యాంకాక్‌లో కాలువలో పడింది. మురికినీటి ద్వారా చేరిన శిలీంధ్రం మెదడుకు సోకడంతో ఆయన కోమాలోకి వెళ్ళారు. నాలుగేళ్ళకు పైగా మంచంపైనే ఉండి 2007 డిసెంబరులో మరణించారు. అంతకాలమూ అభిమానులు ఆయన కోలుకోవాలని ఎదురుచూశారు. మిగిలిన ఇద్దరు మూడవవానిని భర్తీ చేయకుండా, 2005 నుండి "డాన్-బీమ్" పేరుతో పాడారు. ఈ సంగీతంలో పాట కంటే పాడే మనిషితో అభిమానికి ఏర్పడే అనుబంధం ఎంత బలమైనదో తెలుసుకొనుటకు ఇంతకు మించిన ఉదాహరణ కనిపించదు.

తరువాతి కాలంలో కొరియా బృందాలే థాయి యువతను ఎక్కువగా ఆకట్టుకున్నాయి. థాయి యువకులైన నిచ్‌ఖున్, బామ్‌బామ్ వంటివారు సైతం కొరియాకు వెళ్ళి అక్కడి బృందాలలోనే పేరు తెచ్చుకున్నారు. 2018లో "నైన్ బై నైన్", 2019లో "ట్రినిటీ" బృందాలతో స్వదేశంలో మళ్ళీ కదలిక వచ్చింది. 2023లో టెలివిజన్ పోటీల ద్వారా 12 మంది సభ్యుల "బస్", ఐదుగురు సభ్యుల "లైకన్" ఏర్పడ్డాయి. టెలివిజన్ నాటకాలతో సంబంధం ఈ బృందాల ప్రత్యేకత. 2024లో మొదలైన "థేమ్‌పో" ధారావాహికలో లైకన్ సభ్యుడు విలియం నాయకపాత్ర ధరించాడు. అది కూడా ఒక బాయ్ బ్యాండ్ కథే.