సైన్స్ ఫెయిర్‌కి రెండు కుండలు చాలు

మనం సీఎస్ఈ అని తెలిస్తే చాలు, చుట్టాల పిల్లలు అడిగేది ఒకటే: "అన్నా, సైన్స్ ఫెయిర్‌కి మంచి టాపిక్ చెప్పవా?" మనమూ ఆలోచించకుండా ఆర్డుయినోతో స్మార్ట్ డస్ట్‌బిన్ చేసేయమంటాం. చెయ్యి చూపిస్తే మూత తెరుచుకుంటుంది, అంతే. వంటసోడా అగ్నిపర్వతమూ అదే బాపతు. ఏం జరుగుతుందో ముందే తెలిసినప్పుడు ఇంక కనుక్కునేదేముంది?

ఇంట్లో మట్టికుండనే తీసుకుందాం. "కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయి?" అంటే జవాబు టెక్స్ట్‌బుక్‌లోనే ఉంది: సన్నటి రంధ్రాల్లోంచి ఊరిన నీరు ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. ప్రశ్నని ఇంకాస్త బిగించాలి. పాత కుండ కొత్తదాని కంటే తక్కువ చల్లబరుస్తుందా? బోరు నీళ్లు పోసే కుండ మీద తెల్లగా ఉప్పు పేరుకోవడం చూసే ఉంటారు. అది రంధ్రాల్ని పూడ్చేస్తుందేమో! ఆ "ఏమో" దగ్గరే ప్రాజెక్ట్ ఉంది.

కానీ పాత కుండ వేరే మట్టితో చేసిందైతే? తేడా ఉప్పు వల్లో మట్టి వల్లో తేలదు. అందుకే ఒకే చోట, ఒకే సైజువి రెండు కొత్త కుండలు కొనాలి. నెలపాటు ఒకదాంట్లో బోరు నీళ్లు, ఇంకోదాంట్లో ఫిల్టర్ నీళ్లు పోయాలి. ఆ తర్వాత రెండింట్లోనూ ఒకే నీళ్లు పోసి, పక్కపక్కనే పెట్టి కొలవాలి. పక్కనే ఒక స్టీలు గిన్నెలో కూడా అవే నీళ్లు పెడితే పోల్చుకోవడానికి పనికొస్తుంది.

కొలవడానికి థర్మామీటర్, వంటింటి తూకం మిషన్ చాలు. నాకు బాగా నచ్చేది ఈ లెక్కే. గ్రాము నీరు ఆవిరవ్వాలంటే సుమారు 2,400 జౌళ్ల వేడి కావాలి. లీటరు నీళ్లు 1 డిగ్రీ చల్లబడాలంటే దాదాపు 4,200 జౌళ్లు బయటికి పోవాలి. అంటే 2 లీటర్లు 5 డిగ్రీలు చల్లబడటానికి సుమారు 18 గ్రాములు ఆవిరైతే సరిపోవాలి. నిజంగా తూస్తే బరువు ఇంకా ఎక్కువే తగ్గుతుంది, ఎందుకంటే బయటి వేడి మళ్లీ లోపలికి వస్తూనే ఉంటుంది. ఎంత ఎక్కువ? అది ఇంకో ప్రాజెక్ట్.

ఒక్క రోజు కొలిచి వదిలేయకూడదు. గాలిలో తేమ ఎక్కువుంటే ఆవిరవడం తగ్గుతుంది, అందుకే ఉక్కపోత రోజు ఏ కుండైనా డీలా పడుతుంది. కనీసం ఐదారు రోజులు కొలవాలి. రెండు కుండలకీ తేడా రాలేదా, చార్ట్ మీద అదే రాయమనండి.

ఫెయిర్ డిసెంబర్‌లో అయితే కుండలు మాత్రం అక్టోబర్‌లోనే కొనిపించండి.