కలలోని యెరుక



కలగనుచునే "ఇది కల" యని యెరుగుట సాధ్యమా? సాధ్యమైనచో అది మన పెద్దలు చెప్పిన తురీయమగునా? ఈ రెండు ప్రశ్నలను మా కొల్లూరున నా పూర్వశిష్యుడొకడు నన్నడిగెను. అతడు పటాన్‌చెరు ప్రాంతపు కర్మాగారమున రాత్రి షిఫ్టు చేసి, పగలు నిద్రించువాడు. యంత్రమున చేయి చిక్కినట్లు తరచు కలవచ్చెడిది. ఒకనాడు కలలోనే "నేను మంచముపై నున్నాను గదా" యని తోచి, భయము తొలగినదట.

మొదటి ప్రశ్నకు సమాధానము: సాధ్యమే. కలలు మిక్కిలిగా వచ్చు నిద్రలో దేహమందలి కండరములు చాలవరకు స్తంభించియుండును. కనుగ్రుడ్లు మాత్రము కదలుచుండును. 1975లో ఇంగ్లండునందలి హల్ విశ్వవిద్యాలయమున ఒక నిద్రితుడు, ముందు నిర్ణయించుకొన్న రీతిని కలలోనుండి కన్నులను కుడియెడమలకు త్రిప్పి సైగచేయగా, కీత్ హెర్న్ అను పరిశోధకుడు యంత్రముతో దానిని గుర్తించెను. పిమ్మట అమెరికాలో స్టీఫెన్ లాబెర్జ్ అట్టిదే నిరూపించెను.

రెండవదానికి మాండూక్యోపనిషత్తు సమాధానము చెప్పును. 12 మంత్రములే గల యీ యుపనిషత్తు, ఆత్మను జాగ్రత్తున వైశ్వానరుడనియు, స్వప్నమున తైజసుడనియు, సుషుప్తియందు ప్రాజ్ఞుడనియు పేర్కొని, నాల్గవదిగా తురీయమును చెప్పినది. అయితే తురీయము మూడు గదుల ప్రక్కనున్న నాల్గవ గది కాదు. ఒకే దీపమును వసారాకు, నడిమింటికి, వట్టి కొట్టునకు కొనిపోయితి మనుకొనుడు. కొట్టులో చూడదగిన వస్తువు లేదు. వెలుగు మాత్రము గలదు. సుషుప్తి యట్టిది. మూడింటను మారని యా వెలుగే తురీయము.

మా శిష్యుని యెరుక నడిమింటిలోనిదే. "ఈ కల నాది" యను కర్త యింకను మిగిలియున్నాడు. కావున అది స్వప్నమే గాని తురీయము గాదు. తురీయమును నెలదినములలో నేర్పుదుమని రుసుము గొనువారిని నమ్మకుడు.

అయినను ఆ యెరుక వ్యర్థము గాదు, భయమును తగ్గించును. కలలోని యంత్రమునకు వెరవవద్దనియు, మెలకువలో నిజమైన యంత్రపు రక్షణకవచమును సరిచూపించుకొమ్మనియు అతనికి చెప్పితిని. ఏ యవస్థలోని పని ఆ యవస్థలోనే చేయవలెను.

పెద్దలకొక మనవి. ఇంటిలో పిల్లలు పీడకల చెప్పినపుడు సోదె చెప్పువారికి ధనము పోయకుడు; "దానిని చూచినదెవరు?" అని మెల్లగా అడుగుడు. రాత్రియంతయు పనిచేసి పగలు నిదురించువాని తలుపు మాత్రము తట్టకుడు. వాని సుషుప్తికి సూర్యునితో పనిలేదు.