శరీరము నేర్చుకొను పాఠము

మశూచికము ఒకసారి సోకి బ్రదికినవారికి అది మరల సోకుట మిక్కిలి అరుదని పూర్వు లెరుగుదురు. అందుచేత ముఖమున స్ఫోటకపు మచ్చలు గలవారు ఆ రోగులకు నిర్భయముగా పరిచర్య చేయగలిగిరి. వారికది మరల ఏల రాదు? వారి శరీరములలో ఏమి మిగిలియుండుటచేత ఈ రక్షణ కలిగెను? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసినచో టీకా యనగా నేమో తెలిసినట్లే. పై తరగతుల విద్యార్థులకును, పసిబిడ్డలు గల తలిదండ్రులకును ఉపయోగపడునని తలంచి ఈ విషయమును ఇచట వివరించుచున్నాము.

మొదట శత్రువును గూర్చి చెప్పుదుము. 1892వ సంవత్సరమున రష్యా దేశీయుడగు ఇవనోవ్‌స్కీ పొగాకు మొక్కలకు వచ్చు నొక తెగులును పరిశీలించుచు, తెగులు సోకిన ఆకుల రసమును బాక్టీరియాలను సైతము ఆపివేయు పింగాణి వడపోత గుండ పోనిచ్చెను. అట్లు వడియగట్టిన రసము గూడ మంచి మొక్కలకు తెగులు కలిగించెను. 1898లో హాలెండు శాస్త్రజ్ఞుడగు బైయరింక్ ఇది క్రొత్త తరగతికి చెందిన వ్యాధికారకమని నిశ్చయించి దానిని వైరస్ అని పిలిచెను. వైరసులు ఎంత సూక్ష్మములనగా, పోలియో వైరసులను సుమారు 30,000 వరుసగా పేర్చినగాని ఒక మిల్లీమీటరు కాదు. వైరసు ఆహారము తినదు, ఎదుగదు, తనంతట తాను సంతతిని పెంచుకొనలేదు. సజీవమగు కణములోనికి చొచ్చి, ఆ కణముచేతనే తన ప్రతులను చేయించుకొనును. బాక్టీరియాలను చంపు యాంటిబయాటిక్ మందులు వైరసులపై పనిచేయవు.

ఇక శరీరము చేయు పోరాటము. చర్మము మొదటి గోడ. వైరసు లోపల ప్రవేశించినచో, ఏ శత్రువునైనను ఎదిరించు కొన్ని తెల్లరక్తకణములు గంటల లోపలనే అచటికి చేరును. జ్వరము, వాపు, నొప్పి చాలవరకు ఈ పోరాటపు ఫలములే. ఈలోగా వైరసు తునకలు లింఫు గ్రంథులను చేరును. కాలికి గాయమైనపుడు గజ్జలో బిళ్ళ కట్టుట అందరెరిగినదే. ఆ బిళ్ళయే లింఫు గ్రంథి. అక్కడ నున్న అసంఖ్యాకములగు కణములలో ఆ తునకకు సరిపోవు కణములు మాత్రము మేలుకొని, ఒకటి రెండై, రెండు నాలుగై పెరుగును. బి-కణములనుండి పుట్టిన కణములు యాంటీబాడీలను తయారుచేయును. యాంటీబాడీలు వైరసును అంటుకొని దానిని కణములలోనికి పోనీయవు. టి-కణములలో కొన్ని, వైరసు అప్పటికే చొరబడిన కణములను గుర్తించి చంపును. మొదటిసారి ఈ పనికి వారము పదిదినములు, ఒక్కొక్కప్పుడు అంతకు హెచ్చు కాలమును పట్టును. ఆ దినములే రోగికి గండము.

శత్రువు నశించిన పిమ్మట ఈ సైన్యములో పెక్కుభాగము నశించును. కొన్ని మాత్రము జ్ఞాపకకణములుగా నిలిచియుండును. ఆ వైరసే మరల వచ్చినచో ఇవి ఆలస్యము లేక విజృంభించి, వ్యాధి ముదురక మునుపే దానిని అణచివేయును. మచ్చలవారిని కాపాడినది ఈ జ్ఞాపకమే. అయితే వ్యాధి తానే నేర్పు పాఠమునకు రుసుము మిక్కిలి హెచ్చు: మశూచికము సోకిన ప్రతి పదిమందిలో సుమారు ముగ్గురు మరణించుచుండిరి. గండము లేకుండ ఆ పాఠమును నేర్పుటయే టీకా.

ఇంగ్లండు వైద్యుడగు ఎడ్వర్డు జెన్నరు, గోమశూచికము సోకిన పాలపనివారికి మశూచికము రాదను జనవాక్యమును పరీక్షింపగోరెను. 1796 మే 14వ తేదీన సారా నెల్మ్సు అను పాలపిల్ల చేతి పొక్కునుండి రసము తీసి, జేమ్సు ఫిప్సు అను ఎనిమిదేండ్ల బాలుని చేతికి ఎక్కించెను. తరువాత జూలైలో మశూచికపు రసమునే ఎక్కించి చూడగా ఆ బాలునికి వ్యాధి రాలేదు. పిల్లలపై ఇట్టి ప్రయోగమును నేటి వైద్యధర్మము అంగీకరింపదు. గోమశూచికపు వైరసు మశూచికపు వైరసునకు దగ్గరి చుట్టము. ఒకదానిని నేర్చిన శరీరము రెండవదానిని గూడ గుర్తుపట్టినది. 1802 జూన్ 14న బొంబాయిలో అన్నా డస్ట్‌హాల్ అను మూడేండ్ల బాలికకు ఈ టీకా పలించెను. హిందూదేశమున అదియే మొదటిది. 1975 మే తరువాత మన దేశమున మశూచికము పుట్టలేదు. 1977 అక్టోబరులో సోమాలియా దేశమున సహజముగా సోకిన కడపటి రోగి కనబడెను. 1980 మే 8న ఈ వ్యాధి లోకమునుండి తొలగినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ ప్రకటించెను. పెద్దవారి చేతులపై నేటికిని కానవచ్చు టీకామచ్చలు ఈ చరిత్రకు గురుతులు.

మశూచికము పోయినది గాని తట్టు పోలేదు. "తట్టు పిల్లలందరికి వచ్చునదే, వచ్చి పోనిండు" అనువారు కలరు. ఈ మాట ప్రమాదకరము. తట్టువలన న్యుమోనియాయు, మెదడువాపును కలుగవచ్చును. అంతేకాదు, ఈ వైరసు జ్ఞాపకకణములనే పట్టి నాశము చేయును. తట్టు సోకిన బిడ్డలు ఇతర వ్యాధులను గూర్చి శరీరము ముందు నేర్చిన పాఠములలో కొంతభాగమును పోగొట్టుకొందురని 2019లో వెలువడిన పరిశోధనలు తెలిపినవి. రక్షణ లేనివారి నడుమ ఒక రోగినుండి 12 మొదలు 18 మందికి ఇది సోకును. రోగి వెడలిపోయిన పిమ్మటగూడ రెండు గంటలవరకు ఆ గదిగాలిలో నిలువగలదు. కావున నూటికి 95 మందికి రక్షణ ఉండినగాని దీని వ్యాప్తి ఆగదు.

తలిదండ్రులు సాధారణముగా అడుగు ప్రశ్నలు రెండు. "టీకా వేసిన తరువాత జ్వరము వచ్చుచున్నదే?" అనునది మొదటిది. తట్టు టీకాలో బలహీనపరచిన వైరసు ఉండును. శరీరము దానిని నేర్చుకొనునపుడు, వారము పదిదినములకు, కొందరికి కొద్దిపాటి జ్వరము, దద్దు కలుగును, త్వరలోనే తగ్గును. తీవ్రమైన బాధలు మిక్కిలి అరుదు. అట్టిది కనిపెట్టుటకే టీకా వేసిన పిమ్మట బిడ్డను అరగంట అచటనే ఉంచుకొందురు. "ఒకసారి వేసినది చాలదా?" అనునది రెండవది. తొమ్మిదవ నెలలో వేసినపుడు నూరుగురిలో సుమారు 85 మందికే పాఠము పట్టుబడును. తక్కినవారి కొరకే రెండవ మోతాదు. మన దేశమున మొదటిది 9 మొదలు 12 నెలల లోపలను, రెండవది 16 మొదలు 24 నెలల లోపలను వేయుదురు.

తొమ్మిది నెలలు నిండని శిశువునకు ఈ రక్షణ లేదు. కొన్ని జబ్బులచేత నిరోధశక్తి క్షీణించినవారికి ఈ టీకా వేయరాదు. అట్టివారిని కాపాడగలిగినది చుట్టుప్రక్కలవారు వేయించుకొన్న టీకాయే.

విద్యార్థులారా, మీ యింట చిన్న తమ్ముడుగాని చెల్లెలుగాని యున్నచో ఈ సాయంకాలమే టీకా కార్డును తీసి, రెండవ మోతాదునకు ఎదురుగా తేదీ వ్రాయబడినదో లేదో చూడుడు. ఆ స్థలము ఖాళీగా నున్నచో తలిదండ్రులకు చెప్పి, బిడ్డను ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు తీసికొనిపొండు. ఐదేండ్లు నిండువరకు ఆ లోపమును అచట సరిదిద్దుదురు.