అటకెక్కిన మంచు బూట్లు

హైదరాబాద్‌లో మంచు కురవదు. అయినా దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా ఉన్న కాలనీల్లో అటకలు దులిపితే మంచు బూట్లు బయటపడే ఇళ్లకు కొదవ లేదు. కోచింగ్ సెంటర్లకూ హాస్టళ్లకూ పేరుపడ్డ ఈ దారి నుంచి ఎమ్మెస్‌కని అమెరికా వెళ్లినవాళ్లు ఎందరో! కూతురి పురిటికో, మనవణ్ని చూసుకోవడానికో చికాగో వైపు వెళ్లిన అమ్మానాన్నలకు పిల్లలు అక్కడ బూట్లు కొనిపెడతారు. తిరుగు ప్రయాణంలో అవి సూట్‌కేసులో సగం చోటు ఆక్రమిస్తాయి. ఇక్కడికొచ్చాక “మళ్లీ వెళ్లినప్పుడు పనికొస్తాయిలే” అంటూ అటకెక్కుతాయి.

నాలుగైదేళ్లకు మళ్లీ ప్రయాణం పడుతుంది. దించి కాలికి తొడిగితే అడుగు ఊడి చేతికొస్తుంది, ముట్టుకున్నచోటల్లా పొడిపొడిగా రాలుతుంది. “గట్టిగా రెండు నెలలు కూడా తొడగలేదు” అని కంపెనీని తిట్టుకోవడం మామూలే. తప్పు చాలావరకు అటకది. చాలా బూట్ల అడుగులో మెత్తదనం కోసం పాలీయురేథేన్ అనే నురుగు పదార్థం వాడతారు. గాలిలోని తేమ దాని అణువుల గొలుసులను మెల్లగా తెంపేస్తుంది. వేడి తోడైతే ఆ పని ఇంకా త్వరగా అవుతుంది. రసాయన శాస్త్రంలో దీని పేరు హైడ్రాలిసిస్. వాడకుండా దాచినంత మాత్రాన అది ఆగదు. మే ఎండకు కాగి ఆగస్టు ముసురుకు చెమ్మగిల్లే అటక దానికి మరీ అనుకూలం.

అయితే అడుగు పోయినంత మాత్రాన బూటంతా పోయినట్టు కాదు. చలిని ఆపేది లోపలి ఊలు, పైనున్న తోలు. అవి చాలా జతల్లో కొత్తవాటిలాగే ఉంటాయి. మన ఊళ్లో ఆ వెచ్చదనంతో పనేమిటంటారా? డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఇక్కడ చలి 15 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది, కొన్ని రోజులు పదికి కూడా దిగుతుంది. పొద్దున్నే గ్రానైట్ గచ్చు మీద కాలు మోపాలంటే మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ప్రాణం మీదికొస్తుంది. వాళ్లకు కావలసింది ఒక జత మెత్తటి ఇంటి చెప్పులు, కుర్చీలో వేసుకోవడానికి ఒక వెచ్చటి ఆసనం. రెండూ ఆ పాత బూట్లలోనే ఉన్నాయి.

అన్నిటికంటే తేలిక, లోపలి తొడుగు విడిగా ఊడొచ్చే మంచు బూట్లతో. మందపాటి ఫెల్టుతో చేసిన ఆ తొడుగును బయటికి లాగితే ఇంటి చెప్పు ముప్పాతిక వంతు తయారైనట్టే. కింద పాత జీన్స్ గుడ్డను రెండు మడతలు పెట్టి దబ్బనంతో టాకాలు వేస్తే చాలు. నున్నటి టైల్స్ మీద జారకుండా పాత సైకిల్ ట్యూబును సన్నటి పట్టీలుగా కోసి అడుగున అడ్డంగా అంటించాలి. పెద్దవాళ్లున్న ఇంట్లో ఈ పట్టీల విషయంలో బద్ధకించకూడదు.

గొర్రెతోలు బూట్లకు మాత్రం కాస్త ఓపిక కావాలి. మడమ పైనున్న గొట్టాన్ని కుట్టు వెంబడి విప్పి పరిస్తే మంచి తోలుముక్క వస్తుంది. దాన్ని కత్తెరతో కోయకూడదు, ఊలు కత్తిరించుకుపోయి అంచు బోడిగా తయారవుతుంది. వెనక్కి తిప్పి, తోలు వైపు నుంచి బ్లేడుతో తోలు మందం వరకే గీసి, చేత్తో విడదీయాలి. ఊలు చెక్కుచెదరదు. కుట్టేటప్పుడు ఇంకో జాగ్రత్త. గుడ్డలో సూది చేసిన బెజ్జం సర్దుకుంటుంది గానీ తోలులో పడ్డ బెజ్జం అలాగే ఉండిపోతుంది. టాకాలు మరీ దగ్గరగా పడితే తపాలా బిళ్ల అంచులా ఆ గీత వెంబడే చిరుగుతుంది. ఇంట్లో చేతకాకపోతే రోడ్డు మీద చెప్పులు కుట్టే మనిషి దగ్గరికి తీసుకెళ్లడమే మేలు. ఆయన ఆరె, మైనం రాసిన దారం మన కుట్టు మిషన్ చేయలేని పని చేస్తాయి. రెండు గొట్టాలూ కలిపితే వేడినీళ్ల సంచికి గలేబు వస్తుంది, లేదా చిన్న ఆసనం అవుతుంది.

ఈ పనితనం మనకేమీ పరాయిది కాదు. నలిగిన నూలు చీరలను పొరలుగా పరిచి బొంత కుట్టుకున్న ఇళ్లే అన్నీ. “బొంతలు కుడతాం” అంటూ కాలనీల్లో తిరిగే ఆడవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. విజయవాడ, సాగర్ రోడ్లు కలిసే ఎల్బీ నగర్ చుట్టుపక్కల నల్లగొండ జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్లకు గొంగడి గురించి చెప్పనక్కర్లేదు. దక్కనీ గొర్రెల ఊలుతో కురుమలు నేసిన ఆ గొంగడి కప్పుకోవడానికీ, పరుచుకోవడానికీ, వానలో నెత్తిన వేసుకోవడానికీ పనికొచ్చింది. అదే దక్కనీ ఊలుతో హైదరాబాద్‌లోని ఎర్తెన్ ట్యూన్స్ అనే సంస్థ రైతుల కోసం బూట్లు తయారుచేసింది. ఇంట్లో పాత గొంగడి ముక్క ఉంటే ఫెల్టు చెప్పుకు అంతకు మించిన అడుగు లేదు.

పాత పాదరక్షలతో పెద్ద ఎత్తున పని చేస్తున్నవాళ్లూ ఉన్నారు. శ్రియాన్స్ భండారీ, రమేశ్ ధామీ అనే ఇద్దరు పరుగు క్రీడాకారులు ముంబైలో గ్రీన్‌సోల్ మొదలుపెట్టారు. అరిగిన స్పోర్ట్స్ షూల అడుగులతో చెప్పులు చేయించి బడిపిల్లలకు అందించే సంస్థ అది. అమెరికాలో నైకీ కంపెనీ 1990ల తొలినాళ్ల నుంచీ పాత బూట్లు సేకరించి, పొడిచేసి, ఆటస్థలాల నేలకు వాడుతోంది. మన దగ్గర మాత్రం చిరిగిన బూటు చెత్త ఆటో ఎక్కాల్సిందే. ఒకప్పుడు నగరం చెత్తను ఎల్బీ నగర్ పక్కనున్న ఆటోనగర్‌లో పోసేవాళ్లు, తరవాత ఆ భారం జవహర్‌నగర్ మీద పడింది. రబ్బరూ నురుగూ జిగురూ కలిసిపోయిన బూటును అక్కడ ఎవరూ విడదీయరు.

అలాగని ప్రతి జతకూ బ్లేడు పెట్టేయకూడదు. పొడిగా రాలుతున్న నురుగును దేనికీ దాచుకోవద్దు, గుడ్డ కట్టుకుని దులిపి పారేయడమే. బూజు పట్టిన తోలును వెనిగర్ కలిపిన నీళ్లతో తుడిచి నీడన ఆరబెట్టాలి, ఎండలో పెడితే బిరుసెక్కుతుంది. ఊలు కాక పాలియెస్టర్ బొచ్చు ఉన్నవాటిని పొయ్యికీ ఇస్త్రీకీ దూరంగా ఉంచాలి. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు ఇంట్లో కుట్టిన చెప్పులు అసలే వద్దు. లోపలి టాకా ఒరుసుకుని పుండు పడినా వాళ్లకు తెలియదు. వాళ్లకు ఆసనం చేసివ్వండి.

అటక మీది జతకు అడుగు ఇంకా గట్టిగా ఉందా? అయితే కోయకండి. ఈ చలికాలం అమెరికా బయల్దేరుతున్న పక్కింటివాళ్లకు ఇచ్చేయండి.