చీటీని కింది నుంచి పైకి లెక్కగడితే తూకం తేలుతుంది

ధాన్యం అమ్మి యింటికి వచ్చిన రైతు చేతిలో డబ్బుతోబాటు ఒక చీటీ వుంటుంది. బస్తాలెన్నో వుంటుంది, ధర వుంటుంది, అడుగున చేతికిచ్చిన మొత్తం వుంటుంది. బస్తాకు ఎన్ని కిలోలు కట్టారన్నది ఒక్కొక్కసారి వుండదు. అడిగితే, లెక్కంతా సరిగ్గానే వుందంటారు. ఆ కనబడని అంకెను పైకి లాగడానికి చిన్న బడిలో నేర్చిన లెక్కలు చాలు.

ఒక రైతు 40 బస్తాలు అమ్మాడనుకోండి. కళ్లంలో కాటా వేసినప్పుడు బస్తా 75 కిలోలు తూగింది. బస్తాకు 2 కిలోలు తరుగు తీయడానికి ఒప్పుకున్నాడు. ధర క్వింటాలుకు 2,000 రూపాయలు, హమాలీ బస్తాకు 20. చేతికి 55,600 రూపాయలు వచ్చాయి.

యిక చీటీని కింది నుంచి పైకి నడపాలి. చివర చేసింది హమాలీ తీసివేత. 40 బస్తాలకు 800 రూపాయలు. తీసినదాన్ని తిరిగి కలిపితే 56,400. అంతకు ముందు జరిగింది ధరతో హెచ్చవేత. కాబట్టి 2,000 పెట్టి భాగించాలి. 28.2 క్వింటాళ్లు, అంటే 2,820 కిలోలు వస్తుంది. దానిని 40 బస్తాలతో భాగిస్తే బస్తాకు 70.5 కిలోలు. ఒప్పుకున్న ప్రకారం 73 వుండాలి. బస్తాకు రెండున్నర కిలోల చొప్పున నూరు కిలోలు మాయమైనాయి. రూపాయలలో 2,000. ధర తగ్గించి కట్టినా మొత్తం యింతే రావచ్చు గనుక, చీటీలో రాసిన ధర మాట్లాడుకున్న ధరేనా అన్నది ముందు చూసుకోవాలి.

వరుస తప్పితే మాత్రం లెక్క చెడుతుంది. హమాలీ కలపకుండానే 55,600ను ధరతో భాగిస్తే 27.8 క్వింటాళ్లు వస్తుంది. అది ఎవరి తూకమూ కాదు. బండి మీద చివర వేసిన బస్తాను ముందు దించినట్లే, చివర చేసిన లెక్కను ముందు విప్పాలి.

కూడికకు తీసివేత, హెచ్చవేతకు భాగహారం ఎదురు. బడిలో తీసివేత చేశాక వచ్చినదానికి తీసినదాన్ని కూడి సరిచూడమని పంతులుగారు చెప్పేది యిందుకే. ఏడెనిమిదులు యాభైయారు అని వచ్చిన పిల్లవాడికి, 56ను 7 పెట్టి భాగిస్తే ఎంతో వేరే నేర్పనక్కరలేదు. అదే ఎక్కం, వెనుక నుంచి. సున్నకు మాత్రం యీ దారి లేదు. దేనిని సున్నతో హెచ్చవేసినా సున్నే వస్తుంది గనుక, మొదటి అంకె ఏదో తిరిగి చెప్పడం ఎవరి తరమూ కాదు.

యిది నిన్న మొన్నటి కిటుకు కాదు. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలోనే యీ పద్ధతి వుంది. వెనక్కి నడిచేటప్పుడు గుణకం భాజకమవుతుందని, కలిపినది తీసివేత అవుతుందని ఆర్యభటుడు చెప్పాడు. 1150 ప్రాంతంలో భాస్కరాచార్యుడు లీలావతిలో దీనికి చక్కని లెక్కలు కూర్చాడు.

చదువుకున్నవారు సైతం పొరబడేది శాతాల దగ్గర. వెయ్యి రూపాయల విత్తనాలకు అరువు కింద నూటికి 25 కలిపితే 1,250 అవుతుంది. తిరిగి వెయ్యికి రావాలంటే నూటికి 25 తీయాలని చాలామంది అనుకుంటారు. 1,250లో నూటికి 25 తీస్తే 937 రూపాయల 50 పైసలే మిగులుతుంది. తీయవలసింది నూటికి 20. కలిపినప్పుడు లెక్క వెయ్యి మీద, తీసేటప్పుడు 1,250 మీద. అందుచేత నగదు యిస్తే నూటికి 20 తగ్గిస్తానని కొట్టు యజమాని చెప్పినప్పుడు, అతను వదులుకుంటున్నది తాను కలిపిన 250 రూపాయలే. అసలు ధర వెయ్యిలో పైసా తగ్గలేదు.