ఇంటి దుమ్ము – దానిని పట్టే సాధనాలు

అనంతపురం ప్రాంతానికి ఆషాఢ మాసం వానకంటె ముందు గాలిని తీసుకొని వస్తుంది. ఈ పీఠభూమి పడమటి కనుమల చాటున ఉన్నది. నైరృతి ఋతుపవనాలు ఇక్కడికి చేరేసరికి వాటి మేఘాలలోని నీరు చాలవరకు కనుమల ఆవలనే కురిసిపోతుంది. ఈశాన్య ఋతుపవనాలకేమో తూర్పు తీరం నుండి ఇది మిక్కిలి దూరం. సంవత్సరానికి సగటున పడే వర్షం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వేరుసెనగ పీకిన తరువాత ఎర్రనేలలు నెలల తరబడి బట్టబయలుగా ఉంటాయి. హగరి అని మనవారు పిలిచే వేదవతీ నది వెంబడి, కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాలలో, ఇసుక దిబ్బలు గాలికి కదలి పొలాల మీదికి వస్తున్నవి. 1990ల నాడు రామగిరి కొండల మీద గాలిమరలు వెలసినది ఈ గాలి బలాన్ని చూచియే. ఆ గాలియే మన ఇళ్ళలోనికి దుమ్మును కూడ మోసుకొని వస్తున్నది. ఉదయం తుడిచిన రేడియో పెట్టె మీద సాయంకాలం వేలితో పేరు వ్రాయవచ్చును.

దీనిని కేవలం ఇంటి అందచందాలకు సంబంధించిన విషయంగా భావించరాదు. 2019లో కేంద్ర ప్రభుత్వం ఆరంభించిన జాతీయ శుద్ధ గాలి కార్యక్రమపు పట్టికలో అనంతపురం పట్టణం కూడ చేరి ఉన్నది. ఉబ్బసం ఉన్న పిల్లవానికి, ఆయాసంతో బాధపడే వృద్ధులకు, అందరికంటె ముందుగా ప్రతిదినం పొరక పట్టుకొని వంగి ఊడ్చే ఇల్లాలికి, ఇది ఊపిరికి సంబంధించిన విషయం. దుమ్మును తొలగించడానికి నేడు అంగళ్ళలో ఎన్నో సాధనాలు దొరుకుతున్నవి. వాటిలో ఏది ఎంతవరకు పనిచేస్తుందో, ఏ ఇంటికి ఏది తగినదో మన శ్రోతలతో కలసి పరిశీలించదలచినాము.

ముందుగా దుమ్ము స్వభావాన్ని గూర్చి కొంత తెలిసికొనవలె. దుమ్ము కణాలను మైక్రాన్లలో కొలుస్తారు. మిల్లీమీటరులో వెయ్యవ వంతు ఒక మైక్రాన్. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. నూరు మైక్రాన్ల ఇసుక రేణువు గాలిలోనికి ఎగిరినా కొన్ని సెకండ్లలో నేలకు దిగుతుంది. పది మైక్రాన్ల మట్టి కణం పది అడుగుల ఎత్తు నుండి నిశ్చలమైన గాలిలో దిగడానికి ఆరేడు నిమిషాలు పడుతుంది. ఒక మైక్రాన్ కణానికి గంటల కొలది కాలం కావలె. పైన పంకా తిరుగుతూ ఉంటే అది దిగనే దిగదు. పెద్ద రేణువులను ముక్కు అడ్డగిస్తుంది. పది మైక్రాన్లకు లోబడినవి గొంతు దాటి లోపలికి పోగలవు. రెండున్నర మైక్రాన్లకు లోబడినవి ఊపిరితిత్తుల అడుగువరకు చేరగలవు. అనగా కంటికి కనిపించి మనకు కోపం తెప్పించే దుమ్ము కంటె, కనిపించకుండ గాలిలో తేలే దుమ్మే ఎక్కువ హాని చేసేది.

కాబట్టి ఏ సాధనాన్నైనా మూడు ప్రశ్నలతో పరీక్షించవలె. అది దుమ్మును పట్టుకొంటున్నదా, లేక కదిలించి మాత్రమే విడుస్తున్నదా? ఎంత సన్నని దుమ్మును పట్టగలదు? అందుకు మన నుండి ఎంత నీరు, ఎంత విద్యుత్తు, ఎంత శ్రమ కోరుతున్నది?

మొదటి ప్రశ్న ఎంత ముఖ్యమైనదో అమెరికా వంటి దేశాల అనుభవం చూస్తే తెలుస్తుంది. అక్కడ అనేక గృహాలలో వేడిగాలిని, చల్లగాలిని రేకు గొట్టాల ద్వారా గది గదికి పంపుతారు. ఆ గొట్టాలలో పేరుకొన్న దుమ్మును తీయడానికి మూడు విధాల పరికరాలు ఉన్నవి. తిరిగే కుంచెలు గొట్టం గోడలను రుద్దుతాయి. అధిక పీడనంతో వదిలే గాలి దుమ్మును ఊడగొడుతుంది. పెద్ద పీల్చుడు యంత్రాలు గొట్టంలోని గాలినంతా లాగి సంచిలో వడకడతాయి. మొదటి రెండూ దుమ్మును కదిలించేవి, మూడవది పట్టుకొనేది. పీల్చుడు యంత్రం నడవకుండ కుంచెను మాత్రమే త్రిప్పితే, గొట్టంలో కదలక పడి ఉన్న దుమ్ము గదిలోనికి వచ్చి పడుతుంది. అంతేకాక, గొట్టాలను శుభ్రపరచడం వలన ఆరోగ్య సమస్యలు నివారింపబడతాయని ఇంతవరకు ఋజువు కాలేదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ గృహస్థులకు చెప్పింది. గొట్టాలలో బూజు కంటికి కనిపించేటట్లు పట్టినపుడు, ఎలుకలు, పురుగులు చేరినపుడు, దుమ్ము పేరుకొని గదిలోనికి రాలుతున్నపుడు మాత్రమే ఆ పని చేయించుకొనవచ్చునన్నది ఆ సంస్థ సలహా.

మన ఇళ్ళలో అటువంటి గొట్టాలు అరుదు. మన ఇంటి గాలికి దారులు కిటికీ, వాకిలి, పంకా, కూలరు, కొన్ని ఇళ్ళలో ఏసీ యంత్రం. అయినను కదిలించడం వేరు, పట్టుకొనడం వేరు అన్న సూత్రం ఇక్కడ కూడ అక్షరాలా వర్తిస్తుంది.

మొదట పొరకను తీసికొందాము. వాకిళ్ళకు కొబ్బరి ఈనెల పొరక, ఇంటిలోనికి ఈత ఆకుల పొరకయో, మన్యం నుండి వచ్చే కొండచీపురో వాడుతున్నాము. కసువును, ఇసుకను ప్రోగుచేయడంలో పొరకను మించిన చవక సాధనం లేదు. కాని సన్నని దుమ్ము విషయంలో అది కదిలించేదే గాని పట్టుకొనేది కాదు. ఉదయపు ఎండ కిటికీ గుండా పడుతున్నపుడు పొడినేలను ఊడ్చి చూడండి. ఆ ఎండపట్టెలో లేచి ఆడే రేణువులే సాక్ష్యం. వంగి ఊడ్చేవారి ముఖం ఆ మేఘం మధ్యనే ఉంటుంది. పంకాను ఆపి, గట్టిగా విసరకుండ, నేలకు ఆనించి మెల్లగా లాగుతూ ఊడ్చడం, ముక్కుకు పలుచని గుడ్డ కట్టుకొనడం కొంత మేలు. ఊడ్చే ముందు నేలపై పలుచగా నీరు చిలకరిస్తే కణాలు ఒకదానికొకటి అంటుకొని బరువెక్కి లేవకుండ ఉంటాయి. మట్టినేలల మీద నీళ్ళు చల్లి ఊడ్చే మన పెద్దల అలవాటులో ఉన్న శాస్త్రం ఇదే.

రెండవది తడిగుడ్డ. ఇది దుమ్మును కదిలించకుండ పట్టుకొంటుంది. నీటి పొర సన్నని కణాన్ని కూడ గుడ్డకు అంటిస్తుంది; ఆ కణం బకెట్టులోనికి పోతుందే గాని గాలిలోనికి పోదు. తాడిపత్రి నునుపు బండలు పరచిన ఇళ్ళకు ఇంతకంటె తగిన సాధనం లేదు. నీటికి కటకటలాడే ప్రాంతంలో ఈ సలహా ఎట్లా చెల్లుతుందని శ్రోతలు అడుగవచ్చును. బండలు కడగడం వేరు, గుడ్డ పెట్టడం వేరు. కడగడానికి బిందెలు కావలె. పిండిన గుడ్డతో నాలుగు గదులు తుడవడానికి బకెట్టులో సగం నీరు చాలును. ఒక చిన్న పాత్రలో మంచి నీరు, మరొక దానిలో మురికి పిండే నీరు ఉంచుకొంటే గుడ్డ మురికిని మళ్ళీ నేలకు పూయదు. బియ్యం కడిగిన నీరు వద్దు. అది నేలపై జిగురు పొరను విడుస్తుంది. బట్టలను చివర జాడించిన నీరు పనికి వస్తుంది.

మూడవది పీల్చుడు యంత్రం, అనగా వాక్యూమ్ క్లీనరు. దీని చరిత్ర కూడ మన సూత్రాన్నే చెబుతుంది. లండన్ నగరంలో గాలిని ఊది దుమ్మును ఎగురగొట్టే యంత్రం ఒకటి ప్రదర్శింపబడినది. దానిని చూచిన హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజనీరు, ఊదడానికి బదులు పీల్చరాదా అని ఆలోచించి, కుర్చీ మెత్తపై చేతిరుమాలు వేసి నోటితో పీల్చి చూచినాడు. రుమాలుకు దుమ్ము వలయంగా అంటుకొన్నది. 1901లో ఆయన తయారు చేసిన యంత్రం గుఱ్ఱపు బండిపై ఇంటి ముందుకు రావలసినంత పెద్దది. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో జేమ్స్ మరే స్పాంగ్లర్ అనే ఊడ్పు పనివాడు ఉబ్బసంతో బాధపడుతూ, తాను త్రోసే తివాచీ ఊడ్పు యంత్రం లేపే దుమ్మే దానికి కారణమని అనుమానించి, ఒక పంకాను, ఒక దిండు గలీబును, చీపురు కఱ్ఱను జతచేసి చేతితో నడిపే యంత్రాన్ని చేసినాడు. 1908లో దానికి పేటెంటు లభించింది. ఆ హక్కులను కొన్న హూవర్ కుటుంబం పేరు లోకమంతటా ప్రసిద్ధికెక్కినది. ఊడ్చేవాని ఊపిరి కష్టం నుండి పుట్టిన యంత్రం అది.

ఈ యంత్రం ఎంత బలంగా పీలుస్తున్నదన్నది కాక, పీల్చిన గాలిని ఎట్లా విడుస్తున్నదన్నది చూడవలె. సాధారణ గుడ్డసంచి యంత్రం ఇసుకను పట్టి, సన్నని కణాలను వెనుక నుండి గదిలోనికే వదలుతుంది. హెపా అనే వడపోత ఉన్న యంత్రం అట్లా వదలదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అణు పరిశోధనల కొరకు రూపొందిన ఈ వడపోతకు ప్రమాణం, 0.3 మైక్రాన్ల కణాలలో నూటికి 99.97 వంతులు పట్టడం. అయితే నునుపు బండలపై తడిగుడ్డ చేయగల పనికి ఇంత ఖర్చు అనవసరం. పరుపులు, సోఫా మెత్తలు, తెరలు, కిటికీ దోమతెరలు, పుస్తకాల అరలు – ఇవి తడిగుడ్డకు లొంగని చోట్లు. ఇక్కడనే యంత్రం తన విలువ చూపుతుంది. 1,200 వాట్ల యంత్రం అరగంట నడిస్తే 0.6 యూనిట్ల విద్యుత్తు ఖర్చవుతుంది. సంచిని ఇంటిలో దులిపితే చేసిన పని అంతా వ్యర్థం. బయట, గాలి వాలు చూచుకొని, తడి కాగితంలోనికి వంపవలె.

గాలిని ఊదే చిన్న బ్లోయరు యంత్రాలు కూడ దొరుకుతున్నవి. కూలరు మోటారు సందులకు అవి ఉపయోగమే, కాని ఆ వస్తువును పెరటిలోనికి తెచ్చి వాడవలె. గదిలో బ్లోయరు వాడడం అంటే, బూత్ కాదన్న పద్ధతికి మళ్ళీ పోవడమే.

ఇక కూలరు సంగతి. మన పొడి ఎండలకు ఇది చక్కగా పనిచేస్తుంది. గాలి పొడిగా ఉన్నకొలది చల్లదనం ఎక్కువ. తడిసిన వట్టివేళ్ళ తడికలు గాని, గడ్డి మెత్తలు గాని ముతక దుమ్మును కొంత పడతాయి. అంతమాత్రం చేత దానిని గాలి శుద్ధి యంత్రమని భ్రమించరాదు. సన్నని దుమ్ము దానిని దాటి వస్తుంది. పైగా మన బోరునీటిలోని లవణాలు మెత్తలపై తెల్లగా పేరుకొంటాయి. వాటి మీద దుమ్ము చేరి గాలి దారి మూసుకొంటుంది. వారానికి ఒకసారి తొట్టిని పూర్తిగా ఖాళీచేసి, రుద్ది, ఆరబెట్టి నింపవలె. ఇది దుర్వాసన పోవడానికే కాక, డెంగ్యూ దోమ గ్రుడ్లు పెరగకుండ ఉండడానికి కూడ అవసరం. ఏసీ యంత్రంలోని జల్లెడ ముతక దుమ్మునే పడుతుంది. గాలి కాలంలో రెండు వారాలకొకసారి దానిని నీటితో కడిగి నీడలో ఆరబెట్టితే చాలును. పంకా రెక్కలకు స్పాంగ్లర్ వాడిన వస్తువే ఉపాయం: పాత దిండు గలీబును రెక్కకు తొడిగి వెనుకకు లాగితే దుమ్మంతా గలీబులోనే పడుతుంది.

హెపా వడపోత గల గాలి శుద్ధి యంత్రాలు తలుపులు మూసిన గదిలో నిజంగానే పనిచేస్తాయి. ఉబ్బసపు బిడ్డ పడుకొనే గదికి అవి సహాయకారులు. కాని కిటికీలు తెరచి, కూలరు పెట్టుకొనే ఇంటిలో అవి ప్రపంచమంతటి గాలిని వడకట్టడానికి పూనుకొన్నట్లే. కట్టెల పొయ్యి ఉన్న ఇంటిలో ముందు పొగ బయటికి పోయే దారి చూడవలె. పొగ కణాలు దుమ్ముకంటె సన్ననివి. ఏ పొరక, ఏ గుడ్డ వాటిని అందుకొనజాలదు.

మా మాటలనే నమ్మవలసిన పని లేదు. ప్రతి ఇంటిలోను చేయదగిన పరీక్ష ఒకటి ఉన్నది. రెండు చిన్న గాజు పలకలకు పలుచగా కొబ్బరినూనె పూయండి. ఒక దినం పొడి పొరకతో గది ఊడ్చిన వెంటనే ఒక పలకను బల్లపై ఉంచి, గంట తరువాత మూతపెట్టి దాచండి. మరునాడు అదే వేళకు, గది ఊడ్చకుండ తడిగుడ్డ పెట్టి, రెండవ పలకను అట్లాగే ఉంచండి. పిమ్మట రెండింటిని నల్లగుడ్డపై ప్రక్క ప్రక్కన పెట్టి వెలుతురులో చూడండి. కొత్తగా కొన్న యంత్రాన్ని కూడ ఇట్లాగే పరీక్షించవచ్చును. అమ్మేవారి ప్రకటన కంటె ఈ పలక నిజం చెబుతుంది.

కొనదలచినవారికి మేము చెప్పే వరుస ఇది. మొదట గాలి వీచే వైపు కిటికీలకు బిగువైన తలుపులు, గడప వద్ద కాళ్ళు తుడుచుకొనే పట్ట. లోనికి రాని దుమ్మును తీయనక్కరలేదు. తరువాత మంచి గుడ్డలు, రెండు పాత్రలు. పొరక కసువు కొరకు మాత్రమే. పరుపులు, తెరలు ఎక్కువగా ఉన్న ఇంటికి, ఉబ్బసపు రోగులు ఉన్న ఇంటికి హెపా వడపోత గల పీల్చుడు యంత్రం. అన్నిటి తరువాతనే గాలి శుద్ధి యంత్రం. ఇంకొక మాట. ఊడ్చే పని ఇంటిలో ఒక్కరి మీదనే పడితే, ఆ దుమ్మంతా ఆ ఒక్క ఊపిరిలోనికే పోతుంది. తడిగుడ్డను పిండడం చేతనైన వారందరూ ఆ పనిలో వంతు తీసికొనవచ్చును.